ఐఎస్ఎస్, ట్రిస్ స్కోర్లు మన క్యాజువాలిటీలో ఎంతవరకు నమ్మొచ్చు? థీసిస్ మధ్యలో చిక్కుకున్నాను

నైట్‌డ్యూటీ_పీజీ · సోమవారం రాత్రి 11:48

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఎమ్మెస్ సర్జరీ రెండో సంవత్సరం చేస్తున్నాను. ప్రమాదాల్లో గాయపడి వచ్చినవాళ్లకు ఐఎస్ఎస్, ఎన్ఐఎస్ఎస్ (రెండూ గాయాల తీవ్రతకు వేసే అంకెలు), ట్రిస్ (గాయాలు, వచ్చినప్పటి పరిస్థితి, వయసు కలిపి బతికే అవకాశం చెప్పేది) మూడూ లెక్కగట్టి, 30 రోజుల్లో మరణాన్ని ఏది బాగా అంచనా వేస్తుందో చూడడం నా థీసిస్. 200 మందిని తీసుకుంటానని ఎథిక్స్ కమిటీకి రాసిచ్చాను. సగం దాటాను.

ఇప్పుడు రెండు విషయాలు నిద్రపట్టనివ్వడం లేదు.

మొదటిది ఒక 24 ఏళ్ల అబ్బాయి. బైక్ మీద వెళ్తూ ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని గుద్దాడు. తలలో చిన్న సబ్‌డ్యూరల్ (మెదడు పైన రక్తం గడ్డ), తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు విరిగాయి. వచ్చేసరికి జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె, 3 నుంచి 15 దాకా) 10, పై బీపీ 84, శ్వాస నిమిషానికి 32. ఐఎస్ఎస్ 29 వచ్చింది. ట్రిస్ ప్రకారం బతికే అవకాశం 87 శాతం. మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. వాళ్ల నాన్నగారు మార్చురీ దగ్గర కూర్చుని ఉంటే, నేను వార్డులో ల్యాప్‌టాప్ ముందు ఆ 87ని చూస్తూ కూర్చున్నాను. గైడ్ అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

రెండోది, డేటా ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటే కనబడింది. కేస్ షీట్లలో సగానికి పైగా శ్వాస రేటు 20 అనే ఉంది. మిగతావాటిలో చాలావరకు 18. కొన్ని ఖాళీ. ఆ అబ్బాయికి 32 అని ఉండడానికి కారణం ఆ రోజు నేనే లెక్కపెట్టడం.

ఏం చేయమంటారు? స్కోరు మార్చాలా, థీసిస్సే మార్చాలా?

---

పాతసర్జన్ · సోమవారం అర్ధరాత్రి 12:31

బాబూ, ముందు ఆ అబ్బాయి సంగతి. 87 శాతం అంటే అలాంటివాళ్లు వందమంది వస్తే 13 మంది పోతారని. ఆ 13 మందిలో ఎవరుంటారో లెక్క చెప్పదు. నీ లెక్క తప్పు కాదు. కానీ ఆ కేసును పక్కన పెట్టేయకు. బతికే అవకాశం 50 శాతం కన్నా ఎక్కువ ఉండి కూడా చనిపోయినవాళ్ల కేస్ షీట్లను విడిగా తీసి, ఎక్కడ ఏం జరిగిందో నిమిషం నిమిషం చదవడానికే ట్రిస్ వాడకంలోకి వచ్చింది. నీ థీసిస్‌లో ఏ పట్టికకన్నా ఆ ఒక్క షీటే ఎక్కువ నేర్పుతుంది.

ఇక మూలం. 1971లో కారు ప్రమాదాల గాయాల కోసం అమెరికాలో ఏఐఎస్ అనే కొలత వచ్చింది. ప్రతి గాయానికీ 1 నుంచి 6 దాకా అంకె. 1 చిన్నది, 5 ప్రాణం మీదికి వచ్చినది, 6 అంటే ఇక చేయగలిగిందేమీ లేదని. దాని మీద 1974లో సుసాన్ బేకర్, ఆమె సహచరులు బాల్టిమోర్ ఆసుపత్రుల్లోని రెండు వేలకు పైగా కారు ప్రమాద బాధితుల రికార్డులు చూసి ఐఎస్ఎస్ కట్టారు. శరీరాన్ని ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగంలో అన్నిటికన్నా పెద్ద గాయాన్ని తీసుకుని, వాటిలో పై మూడింటి వర్గాలు కూడతాం. ఎక్కడైనా 6 ఉంటే నేరుగా 75. నీ అబ్బాయికి తల 4, తొడ 3, ఛాతీ 2 కాబట్టి 16, 9, 4 కలిపి 29. సరిగ్గానే వేశావు.

పీజీలు తప్పు చేసేది భాగాల దగ్గర. కటి ఎముకను పొట్ట కింద వేస్తారు, అది కాళ్లూచేతుల భాగంలోకి వస్తుంది. మెడ వెన్నుపూస తలలోకి, ఛాతీ వెన్నుపూస ఛాతీలోకి, నడుము వెన్నుపూస పొట్టలోకి. కాలిన గాయాలు చర్మం కిందికి. వేసినవన్నీ ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకో.

నాదొక అభిప్రాయం. నీకు శ్వాస రేటు మీద నమ్మకం లేకపోతే ట్రిస్ వదిలేయ్. ఐఎస్ఎస్, ఎన్ఐఎస్ఎస్ రెండింటితో ముగించు. గాయం సీటీలో కనబడుతుంది, ఆపరేషన్‌లో కనబడుతుంది. ఎవరూ దాన్ని ఊహించి రాయరు.

---

రెడ్‌జోన్ · మంగళవారం ఉదయం 6:52

సార్, గౌరవంతోనే విభేదిస్తున్నాను. హైదరాబాద్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పదకొండో ఏడు నాకు.

పేషెంటు ట్రాలీ మీద ఉన్నప్పుడు ఐఎస్ఎస్ లేదు. సీటీ అయ్యాక, కొందరికి పొట్ట తెరిచాక, మరికొందరికి పోస్టుమార్టం అయ్యాక వస్తుంది. అలాంటి అంకెను పట్టుకుని ‘ముందుగా చెప్పే’ స్కోరు అంటే మాట పొసగదు. ఆ అబ్బాయి గుండె వేగం ఎంత ఉంది పీజీ గారూ? 126 అనుకుంటే, 84తో భాగిస్తే 1.5. దీన్నే షాక్ ఇండెక్స్ అంటాం, అది 1 దగ్గరికి వస్తేనే మేం రక్తం సంగతి చూడమంటాం. దానికి పల్స్, బీపీ రెండే చాలు. స్కానర్ అక్కర్లేదు.

రెండో విషయం. ఐఎస్ఎస్ శరీరంలో విరిగినదాన్ని చెబుతుంది, ఆ మనిషి దాన్ని తట్టుకుంటున్నాడా లేదా అన్నది చెప్పదు. ఒకే ప్లీహపు చీలిక, 40 నిమిషాల్లో వచ్చినవాడిలో ఒకలా, మూడు ఆసుపత్రులు తిరిగి ఆరు గంటలకు వచ్చినవాడిలో ఇంకోలా ఉంటుంది. ఐఎస్ఎస్‌కి ఇద్దరూ ఒకటే.

శ్వాస రేటుతో ఇబ్బంది అయితే గ్యాప్ స్కోరు చూడండి. 2011లో జపాన్‌లో వచ్చింది. జీసీఎస్ ఉన్నది ఉన్నట్టు వేస్తారు. వయసు 60 లోపు ఉంటే 3. పై బీపీ 120 దాటితే 6, 60 నుంచి 120 మధ్య ఉంటే 4. మీ అబ్బాయికి 10, 3, 4 కలిపి 17. 11 నుంచి 18 మధ్య గనక మధ్యస్థ ప్రమాదం. ఊపిరి లెక్కే లేదు అందులో. ట్రాలీ పక్కన నిలబడి నోటితో వేయొచ్చు.

---

పాతసర్జన్ · మంగళవారం ఉదయం 8:10

తట్టుకునే శక్తి మాట ఒప్పుకుంటాను మేడమ్. మా రోజుల్లో అరచేయి నుదుటి మీద పెట్టి, చల్లటి చెమట తగిలితే థియేటర్‌కి ఫోన్ చేసేవాళ్లం. కానీ పోల్చడానికి ఒక గట్టి కొలత కావాలి కదా, అందుకని అన్నాను.

---

లెక్కలపంతులు · మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను డాక్టర్ని కాను. బయోస్టాటిస్టిక్స్ చెబుతాను, ఏటా పీజీల థీసిస్‌లు చూస్తుంటాను. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను.

ట్రిస్ 1987లో వచ్చింది. దాని గుణకాలు అమెరికాలో 1982 నుంచి 1987 దాకా నడిచిన పెద్ద అధ్యయనం నుంచి, 139 ఆసుపత్రుల్లో 80,544 మంది నుంచి పుట్టాయి. మొద్దు గాయాలకు (కత్తిపోట్లు, తూటాలు కాకుండా గుద్దుకున్న దెబ్బలకు) మనం వాడేది ఇది:

బి = −0.4499 + 0.8085 × ఆర్‌టీఎస్ − 0.0835 × ఐఎస్ఎస్ − 1.7430 × వయసు

55 నిండితే వయసు 1, లేకపోతే 0. ఆర్‌టీఎస్‌లో జీసీఎస్, బీపీ, శ్వాస మూడింటికీ 0 నుంచి 4 దాకా (మామూలుగా ఉంటే 4) కోడ్ ఇచ్చి, 0.9368, 0.7326, 0.2908లతో గుణించి కూడతారు. పీజీ గారి అబ్బాయికి మూడింట్లోనూ కోడ్ 3. ఆర్‌టీఎస్ 5.88. బి 1.88. దాన్ని లాజిస్టిక్ సూత్రంలో పెడితే బతికే అవకాశం 86.8 శాతం.

ఇప్పుడు శ్వాస 32 బదులు అలవాటుగా 20 అని రాశారనుకోండి. కోడ్ 4 అవుతుంది. అవకాశం 89.3కి పెరుగుతుంది. ఒక్కరిలో రెండున్నర శాతమే, ఏముందిలే అనిపిస్తుంది. కానీ మన పని ఒక్కరితో కాదు. వాస్తవంగా బతికినవాళ్ల సంఖ్యలోంచి బతకాల్సినవాళ్ల సంఖ్య తీసేసి, ప్రతి వందమందికీ ఎంత తేడా అని చూస్తాం. దాన్ని డబ్ల్యూ అంటారు. ఆయాసపడుతున్న ప్రతి పేషెంటుకూ 20 రాస్తూ పోతే, బతకాల్సినవాళ్ల సంఖ్య కాగితం మీద పెరుగుతుంది. నిజంగా బతికినవాళ్లు పెరగరు. అంటే మీరు రాత్రంతా కష్టపడి కాపాడుకున్న వార్డు, ఆ 20 వల్ల చెడ్డ వార్డుగా తేలుతుంది.

ఖాళీలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. ఖాళీ ఉన్నవాళ్లను తీసేసి లెక్కవేస్తారు చాలామంది. ఖాళీ ఎవరికి ఉంటుంది? వచ్చీ రాగానే సీపీఆర్ మొదలుపెట్టినవాళ్లకు. వాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లంతా కాస్త బాగున్నవాళ్లే.

వయసు గీత కూడా చూడండి. ఇవే గాయాలు, ఇవే అంకెలతో 54 ఏళ్ల మనిషి వస్తే 87 శాతం. మరుసటి రోజు 55 నిండితే 53 శాతం. ఒక్క రాత్రిలో శరీరం అంత మారదు. అందుకే కొత్త నమూనాల్లో వయసును మెట్లుగా కాకుండా వాలుగా తీసుకుంటారు.

ఇంకోటి, ఏయూసీ 0.9 వచ్చిందని సంబరపడి ఆగిపోతున్నారు. ఏయూసీ చెప్పేది పోయేవాళ్లను బతికేవాళ్లనుంచి వేరుచేయగలదా అని మాత్రమే. 87 అన్నచోట నిజంగా 87 మంది బతుకుతున్నారా అన్నది వేరే పరీక్ష, దాన్ని క్యాలిబ్రేషన్ అంటాం. అమెరికా గుణకాలు మన దగ్గర తప్పేది ఎక్కువగా ఇక్కడే. దానికీ బాగా డేటా కావాలి. బయటి జనాభాలో ఒక నమూనాను సరిచూడాలంటే కనీసం వంద మరణాలు ఉండాలని మా వాళ్లు అనుకునే లెక్క. 200 మందిలో మీకు అన్ని రావు, రాకూడదు కూడా. కాబట్టి ‘ఏది గొప్పది’ అని తీర్పు రాయకండి.

---

క్యాజువాలిటీ_సిస్టర్ · మంగళవారం రాత్రి 9:37

నేను స్టాఫ్ నర్సుని. 20 రాసేది ఎక్కువగా మేమే కాబట్టి చెప్పాల్సింది నేనే.

రాత్రి పది తర్వాత ఒకేసారి నాలుగు ట్రాలీలు వస్తాయి. ఒకరికి సక్షన్, ఒకరికి కాన్యులా, మధ్యలో ఎంఎల్‌సీ (పోలీసు కేసు) కోసం కానిస్టేబుల్ పేరు అడుగుతుంటాడు, అటెండర్లు ఏడుస్తుంటారు. పల్స్, శాచురేషన్ మానిటర్ చూపిస్తుంది. బీపీ మిషన్ చూపిస్తుంది. శ్వాసను నమ్మదగినట్టు చూపించే మిషన్ మా దగ్గర లేదు. పూర్తి నిమిషం కదలకుండా నిలబడి ఛాతీ చూడాలి. ఆ నిమిషం మాకు దొరకదు. అందుకని 20.

తప్పే. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ నిమిషంలో ఏం తెలుస్తుందో కూడా చెప్పాలి. పోయిన వర్షాకాలంలో ఒక ఆటో డ్రైవరు, పైకి గీతలు తప్ప ఏమీ లేవు, మాట్లాడుతున్నాడు, బీపీ 110. ఏదో అనుమానం వచ్చి చొక్కా తీసి దుప్పటి కిందికి లాగి చూశాను. కుడివైపు పైకి లేస్తుంటే ఎడమవైపు లేవడం లేదు. నిమిషానికి 36. హౌస్ సర్జన్ని పిలిచాను, ఛాతీలో ట్యూబ్ వేసేసరికి బాటిల్లో గాలి బుడగలు, రక్తం. అతని షీట్ మీద నా పాత అలవాటుతో 20 రాసి ఉంటే ఆ ట్రాలీ గోడ పక్కకి వెళ్లేది.

పీజీ గారూ, మీ థీసిస్ కోసం అని కాదు. మీరు ఒక వారం మాతోపాటు నిలబడి లెక్కపెట్టండి. మీరు లెక్కపెడుతుంటే మావాళ్లూ లెక్కపెడతారు. పైనుంచి సర్క్యులర్ వస్తే మాత్రం 20 బదులు 22 రాస్తారు.

---

నైట్‌డ్యూటీ_పీజీ · మంగళవారం రాత్రి 11:20

సిస్టర్, మీ మాట చదివాక సిగ్గుగా ఉంది. ఇన్నాళ్లూ షీట్ చూసి మీవాళ్లను మనసులో తిట్టుకున్నాను. నేను హౌస్ సర్జన్సీలో రాసిందీ 20 అంకెనే.

రెడ్‌జోన్ మేడమ్, గుండె వేగం 130. మీరు ఊహించినదానికి దగ్గరే.

పంతులు గారూ, ఇంకో అనుమానం. క్యాజువాలిటీలోనే అరగంటలో పోయినవాళ్లున్నారు. సీటీ కూడా కాలేదు. బయటికి కనిపించింది ఒక తొడ ఎముక మాత్రమే. ఐఎస్ఎస్ 9. వీళ్లను ఏం చేయాలి?

---

పాతసర్జన్ · బుధవారం ఉదయం 7:02

దీనికి నేను చెబుతాను. రోడ్డు ప్రమాద మరణాలు మన దగ్గర ఎంఎల్‌సీలే. పోస్టుమార్టం జరుగుతుంది. ఆ రిపోర్టులు మీ కాలేజీలోనే, ఫోరెన్సిక్ విభాగం అల్మారాలో ఉంటాయి. హెచ్‌ఓడీ అనుమతి, ఎథిక్స్ కమిటీకి ఒక సవరణ పత్రం తీసుకుని వెళ్లు. ‘కాలేయం కుడి భాగం చీలింది, పొట్టలో రక్తం’ అని రాసి ఉంటుంది. తొడ ఒక్కటే కనబడిన మనిషి 9 నుంచి 34కి వెళ్లడం నేను చూశాను. వీళ్లను 9తోనే వదిలేస్తే తేలిక గాయాలవాళ్లు కూడా పోతున్నారని నీ పట్టిక అబద్ధం చెబుతుంది.

ఇంకో తలుపు కూడా తట్టాలి. ల్యామా. వైద్యుల మాట కాదని ఇంటికి తీసుకుపోయినవాళ్లు. ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలని ఆంబులెన్స్ మాట్లాడుకుంటారు. రిజిస్టర్‌లో ‘ప్రాణంతో వెళ్లారు’ అనే ఉంటుంది. 30వ రోజు ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి, ఎవరికీ అప్పజెప్పకు. ముందు ‘ఎలా ఉన్నారమ్మా’ అని అడుగు, థీసిస్ మాట తర్వాత.

---

ఈఎంటీ_పాలమూరు · బుధవారం మధ్యాహ్నం 3:44

అన్నా నమస్తే. నేను 108 అంబులెన్స్‌ల ఈఎంటీని, దారిల పేషెంటును చూసుకునేటోన్ని. మన దగ్గర 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌ల. నేను చేరి ఎనిమిదేండ్లైంది.

ఒక మాట అడుగుతా. మీ స్కోర్లల్ల బీపీ అంటే ఏ బీపీ? రోడ్డు మీద నేను చూస్తే 70 ఉంటది. సెలైన్ ఎక్కించుకుంట, కాలుకి స్ప్లింట్ కట్టి, నడుముకు బైండర్ పట్టీ బిగించి తెస్తం. మీ కాడికి వచ్చేసరికి 96. మీరు 96 రాస్తరు. కోడ్ 4 పడ్తది. ఆ మనిషి 70 చూసి వచ్చిండని మీ లెక్కకు తెల్వదు.

మా కేస్ షీట్ల అంతా ఉంటది, టైముతోని. సంతకం పెట్టించుకుని ఒక కాపీ ఇస్తం. ఎక్కువ సార్లు అది ట్రాలీ మీద దుప్పటి కిందనే ఉండిపోతది. జర దాన్ని తీసి మీ ఫైలుల పెట్టుకోండన్నా.

---

రెడ్‌జోన్ · బుధవారం సాయంత్రం 5:30

ఈఎంటీ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. పీజీ గారూ, రెండు గళ్లు పెట్టండి. మొదట తాకినప్పుడు, ఆసుపత్రికి చేరినప్పుడు. గాయపడిన సమయం కూడా. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మీద 2010లో వచ్చిన క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాల నుంచి 20,211 మంది ఉన్నారు. మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు అని తేలింది, తర్వాత ఇస్తే కాదు. సమయం ప్రాణానికి అంత దగ్గరి విషయం, అయినా ఐఎస్ఎస్‌లో గానీ ట్రిస్‌లో గానీ దానికి చోటు లేదు.

జీసీఎస్ దగ్గరా జాగ్రత్త. కింది ఆసుపత్రిలో గొంతులో ఊపిరి ట్యూబ్ వేసి పంపినవాళ్లకు మాట స్కోరు ఉండదు. మందు తాగినవాళ్లలో తక్కువ వస్తుంది, రెండు గంటలకు అదే పెరుగుతుంది. ట్యూబ్ ఉంటే పక్కన ‘టీ’ అని రాసుకోండి. ఊహించి 15లోకి నింపకండి.

---

తమ్ముడికోసం · బుధవారం రాత్రి 10:58

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను డాక్టర్ని కాదు, ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెబుతాను. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది.

మా తమ్ముడికి 31 ఏళ్లు. బైక్ యాక్సిడెంట్. ఈ రోజుకి ఐసీయూలో ఐదో రోజు. ఫైల్లో ఐఎస్ఎస్ 34 అని రాసి ఉంది. 25 దాటితే చాలా తీవ్రం అని నెట్‌లో ఉంది. మా అమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు. 34 అంటే బతకడా? దయచేసి ఎవరైనా చెప్పండి.

---

రెడ్‌జోన్ · బుధవారం రాత్రి 11:09

సార్, మీరు ఇక్కడ అడగడం మంచిదే, మధ్యలో రావడం ఏమీ కాదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. 34 రెండు దారుల్లోనే వస్తుంది. 5 వర్గం, 3 వర్గం కలిస్తే 25 + 9. లేదా 4, 3, 3 వర్గాలు కలిస్తే 16 + 9 + 9. మొదటి మనిషికి ఒక చోట ప్రాణాంతకమైన దెబ్బ. రెండోవాడికి మూడు చోట్ల పెద్ద దెబ్బలు, కానీ ఏ ఒక్కటీ అంత దారుణం కాదు. ఇద్దరి దారీ ఒకటి కాదు, ఫైల్లో అంకె మాత్రం ఒకటే. తీవ్రమైన గాయాలని చెప్పడానికి ఆ అంకె చాలు. మీ తమ్ముడు బతుకుతాడా లేదా అన్నది చెప్పడానికి చాలదు. అందులో ఆయన వయసు లేదు, ఈ ఐదు రోజుల్లో ఏం జరిగిందో లేదు.

రేపు ఉదయం రౌండ్స్‌లో డాక్టర్ని ఇవి అడగండి. మత్తుమందు తగ్గించినప్పుడు కళ్లు తెరుస్తున్నాడా, చెప్పిన మాటకి చేయి కదుపుతున్నాడా? వెంటిలేటర్ సాయం నిన్నటికన్నా తగ్గిందా? బీపీ మందులు ఇంకా నడుస్తున్నాయా? జ్వరం, ఇన్ఫెక్షన్ ఉందా? మూత్రం బాగా వస్తోందా? వీటి జవాబులు ఆ 34 కన్నా నిజం చెబుతాయి. మొదటి రోజు తట్టుకున్నవాళ్లకు తర్వాతి గండం ఎక్కువగా ఇన్ఫెక్షన్‌తోనే వస్తుంది, కాబట్టి లోపలికి వెళ్లినప్పుడల్లా చేతులు కడుక్కోండి, అమ్మగారితో కూడా కడిగించండి.

అమ్మగారికి ‘డాక్టర్లు రోజూ చూస్తున్నారు, రేపు పొద్దున అడిగి చెబుతాను’ అనండి. అది అబద్ధం కాదు.

---

తమ్ముడికోసం · గురువారం మధ్యాహ్నం 12:20

మేడమ్, అడిగాను. కళ్లు తెరుస్తున్నాడట. చెప్తే కుడిచేయి పిడికిలి బిగిస్తున్నాడట. వెంటిలేటర్ ఇంకా ఉంది. మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. నిన్న రాత్రి ఆవిడ రెండు ముద్దలు తింది.

---

లీడ్స్‌వాసి · గురువారం రాత్రి 8:45

గుంటూరు వైపు మాది, ఇంగ్లాండ్‌లో ఆర్థోపెడిక్స్‌లో ఉన్నాను. ఇక్కడి అనుభవం రెండు ముక్కల్లో.

ఇంగ్లాండ్‌లో 2012 ఏప్రిల్‌లో మేజర్ ట్రామా నెట్‌వర్కులు మొదలయ్యాయి. ఐఎస్ఎస్ 15 దాటినవాళ్లను మేజర్ ట్రామా అంటాం. డేటా అంతా మాంచెస్టర్‌లోని టార్న్ అనే రిజిస్ట్రీకి వెళ్లేది. 2023లో దాని మీద సైబర్ దాడి జరిగాక వేరే జాతీయ రిజిస్ట్రీ పెట్టారు. టార్న్ కూడా ట్రిస్‌తోనే మొదలై, ఇక్కడి జనం లెక్కలతో సొంత నమూనా కట్టుకుంది. శ్వాస రేటు తీసేసింది. వయసు, జీసీఎస్ ఉంచి, ఆడ మగ, పాత జబ్బులు చేర్చింది. ఎందుకంటే ఇక్కడ మేజర్ ట్రామాలో ఎక్కువమంది బైకుల మీంచి పడినవాళ్లు కాదు, ఇంట్లో రెండు మీటర్ల లోపు ఎత్తు నుంచి జారిపడిన ముసలివాళ్లు.

మన దగ్గర జనమే వేరు. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. కాబట్టి మన గుణకాలు మనమే కట్టుకోవాలి. మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. టిట్కో పేరుతో 2013 నుంచి 2015 దాకా ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లోని నాలుగు పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో 16,000 మందికి పైగా నమోదు చేశారు. ఆ డేటాలో చేర్చుకున్నవాళ్లను చూస్తే ఐదుగురిలో ఒకరికి పైగా 30 రోజుల్లో చనిపోయారు. అందులో మన రెండు రాష్ట్రాల ఆసుపత్రి ఒక్కటీ లేదు. పీజీ గారి షీట్లు అందుకే విలువైనవి.

ఆర్థో మనిషిగా ఐఎస్ఎస్ మీద ఒక ఫిర్యాదు. రెండు తొడలూ విరిగి, ముంజేయి కూడా విరిగినవాడికి ఐఎస్ఎస్ ఎంత? మూడూ ఒకే భాగం కాబట్టి 9. ఎన్ఐఎస్ఎస్‌లో భాగాల పట్టింపు లేదు, 9 + 9 + 4 అంటే 22. ఒక్కో తొడలో లీటరుకు పైగా రక్తం పోవచ్చు. ఆ మనిషిని 9 అని రాస్తే నాకు మనసొప్పదు. 1997లో ఎన్ఐఎస్ఎస్ కట్టినవాళ్లలో సుసాన్ బేకర్ కూడా ఒకరు. తను కట్టినదాన్ని తనే సరిదిద్దుకుంది.

---

పాతసర్జన్ · గురువారం రాత్రి 9:30

ఆ ఉదాహరణతో నేను ఓడిపోయాను డాక్టరుగారూ. నా వార్డులో అలాంటి కుర్రాళ్లు ముగ్గురు గుర్తొచ్చారు.

---

నైట్‌డ్యూటీ_పీజీ · నాలుగు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 4:05

అందరికీ ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించండి. ఏం చేశానో చెబుతాను.

గైడ్‌తో మాట్లాడి ప్రోటోకాల్ సవరించాం. ‘ఏ స్కోరు గొప్పది’ అన్న ప్రశ్న తీసేశాం. పాత షీట్ల శ్వాస రేటును వాడటం లేదు. వాళ్లకు గ్యాప్, ఎన్ఐఎస్ఎస్ మాత్రమే. కొత్తగా చేరేవాళ్లకు మాత్రం నిమిషం లెక్కపెట్టి ట్రిస్ వేస్తున్నాం. 108 కాగితం ఫైలుకు పిన్ను కొట్టే పని అటెండర్ ఒకాయన తనంతట తానే తీసుకున్నాడు.

ఫోరెన్సిక్ అల్మారా తెరిచాం. క్యాజువాలిటీలో పోయినవాళ్లలో కొందరి అంకెలు పాతసర్జన్ గారు చెప్పినట్టే మారిపోయాయి.

ఆ 24 ఏళ్ల అబ్బాయి షీట్ మళ్లీ చదివాను. 87 శాతం పక్కన పెట్టి, గంటల వారీగా. వచ్చింది సాయంత్రం 7:10కి. తొడకు ట్రాక్షన్ వేసింది రాత్రి 1:30కి. రక్తం రెండో బ్యాగు మొదలైంది 2:15కి. రెండో రోజు శాచురేషన్ 97, 94, 91 అని మెల్లగా దిగుతూ వచ్చింది. శ్వాస గడిలో మాత్రం ఆ రోజంతా 20, 20, 20, 20. నేను మొదటి రాత్రి లెక్కపెట్టిన 32 తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు, నాతో సహా. ఇది డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చెప్పాను. ఎవరినీ వేలెత్తి చూపలేదు. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత మా ప్రొఫెసర్ ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన ప్రతి గాయం కేసుకూ నాలుగు గంటలకోసారి పూర్తి నిమిషం లెక్క రాయాలన్నారు.

వాళ్ల నాన్నగారికి 30వ రోజు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక ‘ఎలా ఉన్నారు’ అని మాత్రం అన్నాను. ఆయన నా పేరు గుర్తుపట్టారు.

---

తమ్ముడికోసం · ఆదివారం సాయంత్రం 6:40

పీజీ గారూ, మీ పోస్టు చదివి రాస్తున్నాను. మా తమ్ముడు పోయిన గురువారం డిశ్చార్జ్ అయ్యాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, కొన్ని మాటలు మరిచిపోతున్నాడు. ఫిజియోథెరపీ మొదలైంది. డాక్టరు గారు ఇంకా ఆరు నెలలు పట్టొచ్చన్నారు. ఈ స్కోర్లలో దేంట్లోనైనా మాటలు తిరిగి వస్తాయా రావా అన్న లెక్క ఉందా?

---

రెడ్‌జోన్ · ఆదివారం రాత్రి 7:15

చాలా సంతోషం సార్. మనం ఇక్కడ మాట్లాడుకున్న స్కోర్లేవీ దాని కోసం కట్టినవి కావు. అవి బతికాడా లేదా దగ్గర ఆగిపోతాయి. తల దెబ్బ తర్వాత మనిషి ఎంతవరకు కోలుకున్నాడో చూడ్డానికి గ్లాస్గో అవుట్‌కమ్ స్కేల్ అని వేరే ఉంది, దెబ్బ తగిలాక ఆరు నెలలకు చూస్తారు. మీ న్యూరో డాక్టరుని దాని గురించి అడగండి. ఆలోపు ఇంట్లో మాట్లాడిస్తూ ఉండండి. మరిచిపోయిన మాట ఒకటి రాసిపెట్టుకుని, వారం తర్వాత మళ్లీ అడిగి చూడండి.

---

క్యాజువాలిటీ_సిస్టర్ · ఆదివారం రాత్రి 10:02

పీజీ గారూ, మావైపు కూడా మొదలుపెట్టాం. ట్రాలీకి ఒక చిన్న గోడ గడియారం కట్టాం, సెకన్ల ముల్లు ఉన్నది, పాతది, మా ఇంట్లోదే. నిన్న రాత్రి పదకొండు మందిని చూశాను. 16, 24, 28, 22, 34, 18, 26, 40, 20, 30, 24. 20 ఒక్కటే వచ్చింది, అది నిజంగా లెక్కపెట్టిన 20.